కొత్త చెక్కకు పాత రంగు

నిలువెత్తు టేకు ద్వారబంధం. అడుగున జానెడు మేర చెద తినేసింది. మిగతాదంతా ఉక్కుముక్కే! మార్చాల్సింది ఆ జానెడే. కానీ కొత్త ముక్క అతికిస్తే... పాత పంచెకు వేసిన కొత్త మాసికలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జహీరాబాద్‌లాంటి ఊళ్లో తాతలనాటి ఇల్లు బాగు చేయించేవాళ్లకు ‘మొత్తం పీకించేద్దాం’ అనిపించేది సరిగ్గా అక్కడే.

తొందరపడకండి. అలాగని పెయింటు డబ్బా కూడా తేకండి. అది పొరలా కూర్చుని చెక్క చారల్ని కప్పేస్తుంది. పాత చెక్క రంగు పైన పూసింది కాదు. గాలి, వెలుతురు, వంటింటి పొగ, చేతుల జిడ్డు ఏళ్లతరబడి ముదరబెట్టింది. ఆరుబయట చెక్కయితే బూడిదరంగుకు తిరుగుతుంది. ఎండకు అందులోని లిగ్నిన్ చెడిపోతుంది, వాన దాన్ని కడిగేస్తుంది.

మరి కొత్త చెక్క అంతకాలం ఆగేదెలా? జవాబు శ్రీకాళహస్తి కలంకారీలో ఉంది. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ ద్రవంతో కరక్కాయ పట్టించిన బట్టమీద గీస్తే నల్లటి గీత తేలుతుంది. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలవడమే కిటుకు. చెక్కకూ అదే సూత్రం.

తుప్పుపట్టిన మేకుల్ని వెనిగర్‌లో మూడు నాలుగు రోజులు నానబెట్టాలి. మూత బిగించకూడదు, గ్యాస్ పుడుతుంది. నల్లతుమ్మలో టానిన్ బాగా ఉంటుంది. టేకులో తక్కువ. కాబట్టి ముందు చిక్కటి టీ డికాక్షన్‌గానీ కరక్కాయ నీళ్లుగానీ పట్టించి ఆరనివ్వాలి. తర్వాత వడకట్టిన మేకుల నీళ్లు పూస్తే... నిమిషాల్లోనే రంగు మారుతుంది! ఎక్కువైతే నల్లబడిపోతుంది కనుక నీళ్లు కలిపి పల్చగా మొదలుపెట్టాలి. అదే చెక్కలోంచి కోసిన తునకమీద నూనె రాసేదాకా అన్నీ చేసి చూడాలి, నూనె పడ్డాక రంగు ఇంకా ముదురుతుంది. అప్పుడే కోసిన టేకుకైతే ఇంకో మాట. కొన్ని వారాలు వెలుతురులో ఉంచితే దాని పచ్చటి చారలు వాటంతటవే సర్దుకుంటాయి. అవిసెనూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి.

పాతదని చెప్పి అంటగట్టేవాళ్లూ ఇదే కిటుకు వాడొచ్చు. మరమ్మతుకు, మోసానికి తేడా ఎక్కడ? పొరుగునున్న బీదర్ కోటలో రంగీన్ మహల్ చెక్క స్తంభాల్లాంటి కట్టడాల విషయంలో దీనికి జవాబుంది. 1964 వెనిస్ చార్టర్‌లోని 12వ అధికరణం ప్రకారం కొత్త భాగం పాతదానితో కలిసిపోవాలి, అయినా కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి. ఇంటి తలుపుకైతే సులువు. ముక్క బిగించేముందు దాని వెనకవైపు ఉలితో ఏడాది చెక్కమని వడ్రంగికి చెప్తే చాలు.