ఏనుగు బొమ్మకి అతుకు ఎక్కడ?

కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ శిల్పారామానికి వెళ్లినప్పుడు కొండపల్లి అంబారీ ఏనుగు కనిపిస్తే చేతిలోకి తీసుకో. ఎంత తేలికో! అది తెల్ల పొణికి కర్ర. ముందు సన్నని సెగ మీద తడంతా పోయేదాకా ఆరబెడతారు. లేకుంటే ఆరిన పిండిముద్దలా తర్వాత బీటలిస్తుంది.

మరి తొండం, చెవులు? విడిగా చెక్కి అతికిస్తారు. జిగురు ఏమిటనుకున్నావ్? చింతపిక్కల పొడి! ఉడికిస్తే గంజిలా చిక్కబడుతుంది. అందులో రంపపు పొట్టు కలిపితే 'మక్కు' అవుతుంది. ఆరాక అదీ కర్రలాగే గట్టిపడి సందులన్నీ పూడ్చేస్తుంది. కోసినప్పుడు రాలిన పొట్టే మళ్లీ బొమ్మలో చేరడం, నాకైతే భలే నచ్చింది. ఆకురాయితో నునుపు చేసి, గోడకు వేసినట్టే సున్నం పూస్తారు. ఆపైన రంగులు.

ఇప్పుడు చెప్పు, అతుకు ఎక్కడుందో!