మీకు తెలుసా? పది నిమిషాల మందు, గంటల తరబడి

ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమ్ లోపం తెలుగు ఆర్యవైశ్యుల్లో ఇతర సమూహాలకన్నా సుమారు 100 రెట్లు ఎక్కువ. ఆ ఎంజైమ్ పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. మామూలుగా పది నిమిషాల్లో వదిలే మందు, లోపమున్నవారిలో గంటలు నిలుస్తుంది: మెలకువ వచ్చినా రెప్ప లేవదు, ఊపిరాడదు, వెంటిలేటర్ తీయలేరు. రోజువారీ బతుకులో మాత్రం దాని జాడే తెలియదు.

కారణం తరతరాలుగా కులంలోపలే జరిగిన పెళ్లిళ్లు. గోత్రం వేరైనంత మాత్రాన జన్యువు వేరు కాదు. వైశ్యుల్లో ఈ కట్టుబాటు ఎంత పాతదో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తల 2009 నాటి నేచర్ పత్రం చూపింది. నవీపేట్ మార్కెట్ వ్యాపారికైనా, అమెరికాలోని అతని మేనల్లుడికైనా రక్తపరీక్షతో లోపం తేలుతుంది; మత్తు డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. అదే ఫలితం పెళ్లి సంబంధాలవారి చేతికి చేరితే చిక్కు వేరే.