గ్యాస్ అయిపోలేదు, కారిపోయింది

"గ్యాస్ అయిపోయుంటుంది సార్, ఫిల్ చేసేద్దాం." కారు ఏసీలోంచి వేడిగాలి వస్తోందని షెడ్డుకు తీసుకెళ్తే, బానెట్ ఎత్తకముందే వినిపించే మాట ఇది. మొన్న మే నెలలో విజయవాడ ఎండల్లో నా కారు ఏసీ మొరాయిస్తే నేనూ విన్నాను, నమ్మాను, డబ్బులిచ్చాను. పది రోజులు హాయిగా ఉంది. పదకొండో రోజు మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్నట్టే.

అసలు ఆ మాటలోనే తప్పుంది. పెట్రోలు మండుతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీ గ్యాసును ఎవరూ మండించరు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ళ తరబడి తిరుగుతుంటుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో అది తన వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవమవుతుంది. ఆపైన ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి సందులోంచి దూరి, డాష్‌బోర్డు వెనకున్న కాయిల్‌లో ఒక్కసారిగా ఆవిరవుతూ కారులోని వేడిని లాగేస్తుంది. ఇంజెక్షన్‌కు ముందు స్పిరిట్ రాస్తే చేయి చల్లబడ్డట్టే. రబ్బరు గొట్టాల గుండా ఏడాదికి కాస్త చొప్పున తగ్గడం మామూలే. పది రోజుల్లో తగ్గిందంటే మాత్రం ఎక్కడో కారుతోందన్నమాట.

ఆటోనగర్‌లో ఇంకో మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు ప్రెషర్ గేజ్ జోలికి పోలేదు. "ఇంజన్ ఆన్ చేసి ఏసీ బటన్ నొక్కండి సార్" అని చెవి ఒగ్గి నిలబడ్డారు. మూడుసార్లు నొక్కించారు. "టక్ మనట్లేదు. క్లచ్ పట్టట్లేదు."

ఆ 'టక్' కారు ఏసీతో పాటు పుట్టింది కాదు. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1939 నవంబరులో షికాగో ప్రదర్శనలో ఏసీ కారు చూపించినప్పుడు కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ బెల్టుతో పాటు అదీ తిరగాల్సిందే. ఏసీ వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! చల్లబరిచే కాయిల్ ఎక్కడో వెనక సీటు అవతల, డిక్కీలో ఉండేది. దీనికి 274 డాలర్లు అదనం. కొన్నవాళ్ళు తక్కువ, రెండేళ్ళకే ఆపేశారు. 1954లో నాష్ కంపెనీ తన అంబాసిడర్ కారులో (మన అంబాసిడర్‌తో దీనికి చుట్టరికం లేదు, పేరొక్కటే) మొత్తం సరంజామాను ముందుభాగంలోనే ఇమిడ్చి, కంప్రెసర్‌కు విద్యుదయస్కాంత క్లచ్ పెట్టింది. బటన్ నొక్కితే అయస్కాంతం పళ్ళేన్ని లాక్కుని పుల్లీకి అతికిస్తుంది. మనకు వినబడే టక్ అదే.

నా కారులో క్లచ్ పాడైందా? లేదు. గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్ క్లచ్‌కు కరెంటు ఆపేస్తుంది. కంప్రెసర్‌కు కందెన నూనె గ్యాసుతో కలిసే తిరుగుతుంది మరి. గ్యాస్ లేకుండా తిప్పితే కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడు గేజ్ తగిలించారు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, 35 డిగ్రీల ఎండలో, లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా ముల్లు 115 పీఎస్ఐ దరిదాపుల్లో ఉండాలి. 40 దగ్గర నిలబడింది.

తర్వాత ఆయన టార్చిలైటు పట్టుకుని ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోయారు. కండెన్సర్ కింది మూల జాయింట్ దగ్గర నల్లగా, జిడ్డుగా, రూపాయి బిళ్ళంత మరక. గ్యాస్ కంటికి కనబడదు, దాని వెంట బయటపడ్డ నూనెకు దుమ్ము అంటుకుంటుంది. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే మెల్లగా బుడగలు లేచాయి. విప్పితే లోపల ఆకుపచ్చ రబ్బరు రింగు, ఒకచోట నలిగి చదునైంది.

ఆ గ్యాసుకూ ఓ కథ ఉంది. తొలినాళ్ళ ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. థామస్ మిడ్‌గ్లీ అనే శాస్త్రవేత్త బృందం ఫ్రియాన్ కనిపెట్టింది. అది ప్రాణాపాయం కాదని చూపడానికి 1930లో ఆయన దాన్ని పీల్చి, వదిలి, కొవ్వొత్తి ఆర్పాడు. 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఆ జాతి వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని లెక్కగట్టారు. వాటి వాడకాన్ని తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కార్లలో ఫ్రియాన్ బదులు ఆర్-134ఏ వచ్చింది. ఓజోన్‌కు హాని లేదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా ఘనమైనది. కారే చోటు చూడకుండా మళ్ళీ మళ్ళీ నింపడమంటే దాన్ని ఆకాశంలోకి పంపడమే.

రింగు మార్చాక అరగంట పైగా వాక్యూమ్ పెట్టారు. లోపల చెమ్మ మిగిలితే వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆపైన సిలిండర్‌ను కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన నింపారు. ముల్లు చూసి నింపితే కుదరదు, ఎందుకంటే ద్రవం చెంచాడున్నా, లీటరున్నా ఆగి ఉన్నప్పుడు ప్రెషర్ ఒకటే. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

గ్యాస్ సరిగ్గా ఉన్నా చల్లబడకపోవచ్చు. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కితే ముందు కండెన్సర్ ఫ్యాన్‌ను, దానికి పట్టిన దుమ్మును చూడాలి. గాలి చల్లగానే ఉండి పల్చగా వస్తే క్యాబిన్ ఫిల్టర్. బానెట్ కింద లావు గొట్టం మంచులా ఉండి చెమట పడుతున్నా లోపల వేడిగాలే వస్తుంటే, డాష్‌బోర్డులో హీటర్ తలుపు ఇరుక్కుని ఉంటుంది.

చాలా కార్లకు బానెట్ లోపలి వైపున చిన్న స్టిక్కర్ ఉంటుంది. మీ ఏసీకి ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే రాసి ఉంటుంది. షెడ్డుకు వెళ్ళే ముందు అది ఫోన్‌లో ఫోటో తీసుకోండి. "ఎక్కడ కారుతోంది?" అని అడిగాకే సిలిండర్ తగిలించనివ్వండి.