గుడి మార్పులో భక్తుడి మాటకు విలువెంత?

పాత కట్టడంలో ఏ మండపం నిలవాలి, ఏ ప్రాకారం తొలగాలి అన్న నిర్ణయం మన దగ్గర ఇంజనీర్లు, అధికారులు, పీఠాధిపతుల మధ్యనే ముగిసిపోతుంది. తరతరాలుగా ఆ కట్టడాన్ని తమ మొక్కులతో, శ్రమతో నిలబెట్టిన కులాలకు ఆ నిర్ణయంలో పాలు దక్కదు. ఉత్తర తెలంగాణలోని రెండు ఆలయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

మొదటిది వేములవాడ. రాజరాజేశ్వరస్వామి ఆలయ విస్తరణ పనులకు 2024 నవంబరు 20న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. నమూనాలకు శృంగేరి పీఠం ఆమోదం తీసుకున్నారు. రద్దీ పెరిగింది, వసతులు చాలడం లేదు. విస్తరణ అవసరాన్ని కాదనలేం. గర్భాలయ విధుల్లో ఆగమ పండితుల సలహా తీసుకోవడమూ సహజమే. అయితే రాజన్న గుడి అంటే గర్భాలయం ఒక్కటే కాదు. కోడెను ప్రదక్షిణ చేయించి కట్టే రైతు, కల్యాణకట్టలో తలనీలాలు తీసే నాయీబ్రాహ్మణుడు, సమ్మక్క జాతరకు పోతూ ముందుగా రాజన్నను దర్శించుకునే దళిత, బహుజన కుటుంబం, శ్రీరామనవమి నాడు అక్షింతలు చల్లుకునే శివపార్వతులు, హిజ్రాలు, ప్రాంగణంలోని దర్గాకూ మొక్కుకునే భక్తులు – వీరందరి ఆచారాలు కలిస్తేనే ఆ క్షేత్రం. వీటిలో అనేకం ఆగమ గ్రంథాల పరిధిలోకి రావు. అలాంటప్పుడు ఆగమ సమ్మతినే సంపూర్ణ సమ్మతిగా భావిస్తే, గ్రంథానికి ఎక్కని ఆచారాలన్నీ నమూనా పటంలో ఖాళీ జాగాలుగా మిగిలిపోతాయి.

వేములవాడ చరిత్ర కూడా ఏకశిల కాదు. పదో శతాబ్దంలో చాళుక్య అరికేసరి ఆస్థానంలో పంపకవి ఉన్నాడు. జైనాచార్యుడు సోమదేవసూరికి ఇక్కడి శుభధామ జినాలయం బాగుచేత కోసం ఒక గ్రామాన్ని దానం చేసినట్టు 966 నాటి పర్భణీ తామ్రశాసనం చెబుతుంది. అంటే ఈ ఊరిలో గుడి మరమ్మతుకు వెయ్యేళ్లకు పైబడిన రాతపూర్వక చరిత్ర ఉంది. ఏ పొర అసలుది, ఏది అదనపుది అని తేల్చే అధికారం ఒక్క సంప్రదాయానికే అప్పగిస్తే తక్కిన పొరలు చెరిగిపోతాయి.

రెండోది ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్. నాగోబా ఆలయాన్ని కొత్తగా నిర్మించాలని సంకల్పించిన మెస్రం వంశీయులైన గోండులు ఏళ్ల తరబడి ఇంటింటా చందాలు వేసుకున్నారు. 2022 డిసెంబరులో ఆలయాన్ని ప్రారంభించుకున్నారు. గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన జలం తేవడం, సిరికొండ కుమ్మరుల చేతి కుండలు, ఆడబిడ్డలు, అల్లుళ్లు కలిసి పుట్టలు కట్టడం, కొత్త కోడళ్ల భేటింగ్ – ఈ క్రతువుల క్రమం తెలిసినవారే నిర్మాణాన్నీ నిర్ణయించారు. కట్టడం రూపం మారింది. దానిపై హక్కు చేతులు మారలేదు. వంశ పెద్దల నిర్ణయాల్లో స్త్రీలకు, యువతకు ఎంత చోటుందని అడగవలసిందే. అయినా మార్పుకు అనుమతి ఎవరిదన్న ప్రశ్నకు కేస్లాపూర్ ఇచ్చిన జవాబును వేములవాడ ఇంకా ఇవ్వలేదు.

ఇక చట్టం సంగతి. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాలకు రక్షణనిచ్చిన 13వ నిబంధనను 2015 డిసెంబరులో ప్రభుత్వం తొలగించింది. 2017లో రాష్ట్ర వారసత్వ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు విలువైనదే. కానీ ఈ చర్చంతా రాజధాని మహళ్ల చుట్టూనే తిరిగింది. తొలి తెలుగు కంద పద్యాలను మోస్తున్న కురిక్యాల బొమ్మలగుట్ట గ్రానైట్ తవ్వకాల ముప్పును ఎదుర్కొన్నప్పుడు అంతటి కదలిక రాలేదు. కట్టడం విలువను దానిపై మమకారం ఉన్న ప్రజల భాగస్వామ్యంతోనే నిర్ధారించాలని ఆస్ట్రేలియాలో రూపొందిన బుర్రా చార్టర్ ఎప్పుడో చెప్పింది.

కాబట్టి ప్రభుత్వం ముందు నాలుగు పనులున్నాయి. పాత కట్టడంలో ప్రతిపాదించిన మార్పుల పటాలను సరళమైన తెలుగులో, కూల్చివేతకు ముందే ఆలయం వద్ద, మున్సిపల్ కార్యాలయంలో ప్రదర్శించాలి. బహిరంగ విచారణ జరిపి, ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా కారణాలతో జవాబివ్వాలి. రాళ్లతో పాటు ఆచారాలనూ, వాటికి కావలసిన స్థలాలనూ నమోదు చేయాలి. సమీక్షా సంఘాల్లో పురావస్తు నిపుణులు, పండితులతో సమానంగా దళిత, ఆదివాసీ, బీసీ, ముస్లిం ప్రతినిధులకు, స్త్రీలకు, ఆలయంపై ఆధారపడిన వృత్తికులాలకు ఓటు హక్కుతో స్థానం కల్పించాలి.

గుడి ప్రవేశం కోసం ఒక శతాబ్దం పోరాటం నడిచింది. లోపలికి రానిచ్చిన వారిని ఆ గుడి రూపురేఖలు నిర్ణయించేటప్పుడు బయట నిలబెడితే ఆ పోరాటం గడప దగ్గరే ఆగిపోయినట్టు. హుండీలో వేసే రూపాయికి కులం చూడనప్పుడు, పటం మీద పెట్టే సంతకానికి ఎందుకు చూడాలి?