వెబ్‌సైటు నిర్మాణం... సాధనం మారినా నైపుణ్యం నిలవాలి

కోడ్ రాయనవసరం లేకుండానే వెబ్‌సైటు తయారు చేయవచ్చన్న మాట పాతికేళ్లకు పైగా వినిపిస్తోంది. బొమ్మను మౌస్‌తో పట్టి తెచ్చి కావలసిన చోట వదిలితే చాలు, పేజీ సిద్ధమవుతుంది. ఈ సౌలభ్యమే జిల్లా పట్టణాల్లోని ఎందరో యువకులను ఈ రంగం వైపు ఆకర్షించింది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో 2000 దశకంలో డ్రీమ్‌వీవర్, ఫొటోషాప్, ఫ్లాష్ కలిపి నేర్పే వెబ్ డిజైనింగ్ కోర్సులకు మంచి గిరాకీ ఉండేది. అప్పుడు నేర్చిన విద్యలో కొంత నేటికీ అన్నం పెడుతోంది. మరికొంత సాఫ్ట్‌వేర్‌తో పాటే కాలగర్భంలో కలిసిపోయింది. ఏది నిలిచింది, ఏది నిలవలేదు, ఎందుకు అన్నది గ్రహిస్తే, ఇప్పుడు ఈ విద్యలో అడుగుపెట్టేవారు ఫీజును, విలువైన కాలాన్ని కాపాడుకోగలుగుతారు.

కనిపించేది ఒకటి.. దాగినది మరొకటి

వెబ్‌పేజీ తెరపై బొమ్మలు, రంగులు, అక్షరాలతో కనిపిస్తున్నా, కంప్యూటర్‌లో అది నిల్వ ఉండేది కేవలం అక్షరాల రూపంలోనే. ఏది శీర్షిక, ఏది పేరా, ఎక్కడ బొమ్మ ఉండాలన్నది హెచ్‌టీఎంఎల్ చెబుతుంది. ఆ శీర్షిక ఏ రంగులో, ఎంత పరిమాణంలో, ఎంత ఎడంతో ఉండాలన్నది సీఎస్ఎస్ నిర్ణయిస్తుంది. ఇంటికి గోడలు, గదులు ఎలాంటివో పేజీకి హెచ్‌టీఎంఎల్ అలాంటిది. సున్నం, రంగులు, అలంకరణ సీఎస్ఎస్ పని.

విజువల్ ఎడిటర్ చేసేదల్లా ఈ రెండింటినీ మనిషి తరఫున రాసిపెట్టడమే. ఉదాహరణకు ఒక చేనేత సహకార సంఘానికి పేజీ తయారు చేస్తున్నారనుకుందాం. సంఘం పేరును ఎంచుకుని, అక్షరాలను పెద్దవిగా, బోల్డ్‌గా చేస్తే చూసేవారికి అది శీర్షికలాగే ఉంటుంది. అయితే ఎడిటర్ మాత్రం దానిని పెద్ద అక్షరాలున్న మామూలు పేరాగానే నమోదు చేస్తుంది. అదే ‘హెడింగ్ 1’ అన్న ఎంపికను వాడితే శీర్షికగా నమోదవుతుంది. కంటికి రెండూ ఒక్కటే. గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్లకు, దృష్టి లోపం ఉన్నవారికి తెరపై అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అవి రెండూ వేర్వేరు. ఈ భేదం తెలిసినవారు డిజైనర్లు. తెలియనివారు సాఫ్ట్‌వేర్ వినియోగదారులు మాత్రమే.

సాధనాలు వచ్చాయి.. వెళ్లాయి

చూస్తూ పేజీని తయారు చేయాలన్న ఆలోచన వెబ్‌తో పాటే పుట్టింది. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో రూపొందించిన తొలి బ్రౌజరు పేజీలను చూపడమే కాక, వాటిని దిద్దుకునే వీలు కూడా కల్పించింది. ఆ తరువాత వచ్చిన బ్రౌజర్లలో చాలావరకు చూడటానికే పరిమితమయ్యాయి. ఆ లోటును తీర్చడానికి ప్రత్యేక ఎడిటర్లు రంగప్రవేశం చేశాయి.

వెర్మీర్ టెక్నాలజీస్ 1995లో విడుదల చేసిన ఫ్రంట్‌పేజ్‌ను మరుసటి ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ సొంతం చేసుకుంది. వర్డ్‌లో ఉత్తరం టైపు చేసినంత తేలికగా పేజీ తయారవుతుండటంతో అది విశేష ఆదరణ పొందింది. అయితే సందర్శకుల సంఖ్యను చూపే కౌంటర్లు, సమాచారం సేకరించే ఫారాలు వంటివి పనిచేయాలంటే సర్వర్‌లో ఫ్రంట్‌పేజ్‌కే చెందిన ప్రత్యేక విభాగాలు ఉండాల్సి వచ్చేది. 2003 తరువాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. 2006లో మైక్రోసాఫ్ట్ దానిని నిలిపివేసింది.

మాక్రోమీడియా సంస్థ 1997 డిసెంబరులో తెచ్చిన డ్రీమ్‌వీవర్ వృత్తి నిపుణుల మన్నన పొందింది. డిజైనర్ స్వయంగా రాసుకున్న కోడ్‌ను చెడగొట్టకుండా ఉంచడం దాని ప్రత్యేకత. 2005 డిసెంబరులో మాక్రోమీడియా అడోబీలో విలీనమైంది. హైదరాబాద్‌లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ అభ్యసించిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అదే అడోబీకి ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు.

కదిలే బొమ్మలతో వెబ్‌సైట్లకు హంగు తెచ్చిన ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు ముగించింది. కోడ్‌తో పనే లేదంటూ వచ్చిన అడోబీ మ్యూజ్ అభివృద్ధి 2018లో ఆగిపోగా, సాంకేతిక సహాయం 2020 మార్చితో ముగిసింది. మరోవైపు 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ నిలదొక్కుకుని, 2018 డిసెంబరులో బ్లాక్ ఎడిటర్‌ను ప్రవేశపెట్టింది. ఇన్ని మార్పుల మధ్య చెక్కుచెదరనివి రెండే. అవి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్. 1990లలో రాసిన సాదాసీదా పేజీని నేటి బ్రౌజరు సైతం తెరిచి చూపగలదు. కేవలం ఫ్లాష్‌తో నిర్మించిన పేజీ మామూలు బ్రౌజరులో తెరుచుకోదు.

రెండు భాగాల తెర.. చక్కని బడి

ఇంతమాత్రాన విజువల్ ఎడిటర్లు పనికిరానివన్న అభిప్రాయం సరికాదు. సరిగా వాడుకుంటే అవి మంచి గురువులు. డ్రీమ్‌వీవర్‌లో ‘స్ప్లిట్’ అనే ఏర్పాటు ఉంది. తెర రెండు భాగాలవుతుంది. ఒక భాగంలో పేజీ కనిపిస్తుంది, రెండో భాగంలో దాని కోడ్ ఉంటుంది. పేజీలో ఒక మాటను బోల్డ్ చేస్తే కోడ్‌లో ఆ మాటకు ముందు, వెనుక కొత్త ట్యాగ్‌లు ప్రత్యక్షమవుతాయి. కోడ్‌లో రంగు మారిస్తే పేజీలోనూ రంగు మారుతుంది. వర్డ్‌ప్రెస్‌లో సైతం ఒక్కో బ్లాకును కోడ్ రూపంలో చూసే వీలుంది. విండోస్ కంప్యూటర్‌లోని చాలా బ్రౌజర్లలో కీబోర్డుపై కంట్రోల్, యూ మీటలు కలిపి నొక్కితే తెరపై ఉన్న పేజీ కోడ్ కనిపిస్తుంది.

ఏ మార్పు చేసినా కోడ్‌లో ఏం జరిగిందో చూసే అలవాటును తొలిరోజు నుంచే చేసుకోవాలి. కొద్ది వారాల్లోనే ట్యాగ్‌లు పరిచయస్తుల్లా అనిపిస్తాయి. ఎడిటర్ మొండికేసినప్పుడు, బొమ్మ ఎంత జరిపినా కుదురుగా నిలవనప్పుడు, నేరుగా కోడ్‌లోకి వెళ్లి సరిదిద్దుకునే ధైర్యం అప్పుడే వస్తుంది.

ఇంట్లో కనిపించి.. బయట కనిపించక

కొత్తగా నేర్చుకునేవారికి తరచు ఎదురయ్యే సమస్య ఒకటుంది. సొంత కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన బొమ్మలు, సైటును సర్వర్‌లోకి ఎక్కించాక మాయమవుతాయి. బొమ్మ చిరునామా సొంత కంప్యూటర్‌లోని సీ డ్రైవ్‌ను సూచిస్తూ ఉండిపోవడం ఇందుకు ఒక కారణం. ఫైలు పేరులో పెద్దబడి, చిన్నబడి ఆంగ్ల అక్షరాల తేడా మరో కారణం. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు. లినక్స్‌పై నడిచే సర్వర్లు మాత్రం రెండింటినీ వేర్వేరు ఫైళ్లుగా పరిగణిస్తాయి. మొదటినుంచీ సైటుకు ఒకే ఫోల్డరు కేటాయించి, బొమ్మలను అందులోనే ఉంచి, పేర్లన్నీ చిన్నబడి అక్షరాల్లో, ఖాళీలు లేకుండా రాసుకుంటే ఈ చిక్కులు దరిచేరవు.

బొమ్మల పరిమాణం విషయంలోనూ ఎడిటర్ మభ్యపెడుతుంది. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు గల ఫొటోను మూల పట్టుకుని లాగి 400 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గిస్తే కంటికి చిన్నదవుతుంది. చాలా ఎడిటర్లలో ఫైలు మాత్రం అలాగే ఉంటుంది. అవసరమైన దానికి వంద రెట్లు పిక్సెళ్లున్న బొమ్మను సందర్శకుడు తన డేటా ఖర్చుతో దించుకోవాల్సి వస్తుంది. అందుకే ఫొటోను ముందే తగిన పరిమాణానికి కుదించి, ఆ తరువాతే పేజీలో పెట్టాలి.

తెలుగు పేజీకి ప్రత్యేక జాగ్రత్తలు

డీటీపీ నేపథ్యం నుంచి ఈ రంగంలోకి వచ్చేవారు గుర్తుంచుకోవలసిన అంశం ఫాంటు. కరపత్రాలు, శుభలేఖల కోసం అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యథాతథంగా వెబ్‌పేజీలోకి తెస్తే అర్థం కాని గుర్తులే మిగులుతాయి. పాత తరహా ఫాంట్లలో తెలుగు అక్షరం స్థానంలో ఆంగ్ల అక్షరమో, మరో గుర్తో నిల్వ ఉండటమే దీనికి కారణం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు మాయమవుతుంది. తెలుగు పదంతో వెదికేవారికి ఆ పేజీ దొరకదు.

యూనికోడ్ ఈ ఇబ్బందిని తొలగించింది. 1991లో వెలువడిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఇందులో ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా చెల్లుబాటయ్యే ఒకే సంఖ్య ఉంటుంది. అను పాఠాన్ని కన్వర్టర్ ద్వారా యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు, పొల్లులు సరిచూసుకున్నాకే పేజీలో చేర్చాలి. పేజీ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8గా, భాష తెలుగుగా ఉండేలా చూడాలి. మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి.

వరుసల మధ్య ఎడం మరో ముఖ్యాంశం. ఆంగ్లానికి సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి. సీఎస్ఎస్‌లో లైన్-హైట్ విలువను కాస్త పెంచితే పేజీ హాయిగా చదువుకునేలా ఉంటుంది. శీర్షికలను, ఫోన్ నంబర్లను ఫొటోషాప్‌లో బొమ్మగా చేసి అతికించే పద్ధతినీ మానుకోవాలి. బొమ్మలోని నంబరును తాకితే ఫోన్ మోగదు.

చేతిలోని ఫోనే అసలు పరీక్ష

పాత ఎడిటర్లు పేజీని ఒక నిర్ణీత వెడల్పు గల కాగితంలా భావించేవి. పట్టికలు గీసి, వాటి గళ్లలో బొమ్మలు, అక్షరాలు అమర్చేవారు. ఫోన్లు వచ్చాక ఆ లెక్క తప్పింది. తెర వెడల్పును బట్టి పేజీ తనంతట తాను సర్దుకునే విధానానికి ఈథన్ మార్కాట్ 2010లో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరుపెట్టారు. వెడల్పును పిక్సెళ్లలో కాక శాతాల్లో చెప్పడం, తెర చిన్నదైతే పక్కపక్కనున్న భాగాలు ఒకదాని కింద ఒకటి చేరేలా నియమాలు రాయడం ఇందులో కీలకం. కంప్యూటర్ తెరపై పేజీ ఎంత అందంగా ఉన్నా, సాధారణ ఫోన్‌లో, ఒక మోస్తరు సిగ్నల్‌తో తెరిచి చూశాకే పని పూర్తయిందని భావించాలి.

పేరు ఎవరి చేతిలో?

సైటు తయారు చేయించుకునే వ్యాపారులు, విద్యాసంస్థలు, సంఘాలు పట్టించుకోవలసిన విషయం మరొకటి ఉంది. వెబ్‌సైటు పేరు, అంటే డొమైన్, ఎవరి పేరిట, ఎవరి ఈ-మెయిల్‌తో నమోదైందో వారిదే దానిపై పెత్తనం. తయారు చేసిన వ్యక్తి తన పేరిటే నమోదు చేసుకుని ఊరు మారిపోతే, దుకాణం బోర్డుపైనా, రసీదులపైనా ముద్రించిన చిరునామా పరాధీనమవుతుంది. గడువులోగా రెన్యువల్ చేయకుంటే పేరు ఇతరుల పరం కావచ్చు. అందువల్ల డొమైన్‌ను యజమాని పేరిటే నమోదు చేయించడం, హోస్టింగ్ పాస్‌వర్డులను, ఫైళ్ల నకలును అప్పగించడం డిజైనర్ వృత్తిధర్మం.

ఇతరుల వేదికలపై నిర్మించుకునేవారికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఉచితంగా చోటిచ్చి, మౌస్‌తో పేజీలు కట్టుకునే సాధనాన్ని అందించిన యాహూ జియోసిటీస్, జపాన్‌లో మినహా, 2009 అక్టోబరు 26న మూతపడింది. నకలు దాచుకోని వారి పేజీలు వారి చేయి దాటిపోయాయి.

నేర్చుకునే క్రమం

ముందుగా నోట్‌ప్యాడ్‌లో ఒకే ఒక్క పేజీని చేత్తో రాయాలి. శీర్షిక, రెండు పేరాలు, ఒక బొమ్మ, ఒక లింకు ఉంటే చాలు. తరువాత అదే పేజీని విజువల్ ఎడిటర్‌లో తెరిచి, దిద్దుతూ, కోడ్‌లో వచ్చే మార్పులను గమనించాలి. మూడో దశలో సీఎస్ఎస్‌ను వేరే ఫైలులో రాసి, ఒక్క మార్పుతో అన్ని పేజీల రంగు మారడం చూడాలి. ఆపై ఫోన్‌కు అనువుగా తీర్చిదిద్దడం, సర్వర్‌లోకి ఎక్కించడం నేర్చుకోవాలి. వర్డ్‌ప్రెస్ వంటివాటిని చివరగా చేపడితే అవి సులభంగా పట్టుబడతాయి. శిక్షణ సంస్థలో చేరేముందు ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్పుతారన్నది కాక, కోర్సు ముగిసేనాటికి అభ్యర్థి సొంతంగా ఒక పూర్తి సైటును నిర్మించి అంతర్జాలంలో నిలుపుతాడా అని అడగడం వివేకం.

ఇప్పుడు కావలసినదేమిటో మాటల్లో చెబితే కృత్రిమ మేధ పేజీని తయారు చేసి ఇస్తోంది. అయినా అది రాసిచ్చేదీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లే. అందులో శీర్షిక శీర్షికగా ఉందా, తెలుగు సరిగా అమరిందా, ఫోన్‌లో నిలుస్తుందా అని పరిశీలించి తప్పును సరిదిద్దగలవారి అవసరం తీరలేదు. సాఫ్ట్‌వేర్‌ను అద్దెకు తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. కోడ్‌ను చదవగల కన్ను మాత్రం ఎవరికి వారు సాధనతో సంపాదించుకోవలసిందే.