అతుకుల బొంత – సలహాల మూట

పొందిక లేని కవిత్వాన్నీ, నిలకడ లేని మంత్రివర్గాన్నీ ‘అతుకుల బొంత’ అని తీసిపారవేయడం తెలుగునాట పరిపాటి. ఆ మాట అనేవారిలో బొంత కుట్టినవారు తక్కువ కాబోలు. రంగు కలవని పాతగుడ్డలను ఒకదానికొకటి ఒదిగించి, నాలుగైదు పొరలను ఒకే వస్త్రంగా చేసి, ఏళ్ళ తరబడి ఉతుకుడుకు నిలిచేటట్లు కుట్టడం పొందిక తెలిసినవారు మాత్రమే చేయగల పని. ఆ పనికి మొదటిసారి పూనుకొన్నవారికి సూది కన్న ముందు గుచ్చుకొనేవి సలహాలు.

పూర్వం ఈ సలహాలు పని మధ్యలో వచ్చేవి. వసారాలో చాప పరచి, పాత ధోవతి ఒకటి కింద వేసి, దాని మీద చీరలు మడత లేకుండా సాగదీసి, నాలుగు మూలలా బరువులు పెట్టేవారు. ఒకవైపు అమ్మమ్మ, ఎదురుగా మనుమరాలు. పిల్ల దారం బిగించి లాగితే బట్ట ముడుచుకొనిపోయేది. ఆ క్షణాననే అమ్మమ్మ ఆ కుట్టు మీద వేలుంచి, “లాగకే తల్లీ, దారాన్ని పడుకోబెట్టు” అనేది. చెప్పిన మాటా, చూపిన ముడతా ఒక్కచోటనే ఉండేవి. ఇప్పుడు అమ్మమ్మ ఊళ్ళో, మనుమరాలు నగరంలో. పుస్తకంలోనో, శిక్షణ తరగతిలోనో, బట్టల దుకాణంలోనో సలహా ముందుగా దొరుకుతుంది. ముడత ఎప్పుడో తరువాత కనిపిస్తుంది. రెండింటికీ గల సంబంధం చెప్పేవారు లేక, ‘ఇది నా చేతికి వచ్చే విద్య కాదు’ అని వదలివేసినవారు ఎందరో. అటువంటి ఇళ్ళలో సగం కుట్టిన బొంత ట్రంకుపెట్టె అడుగున పడి ఉంటుంది, సూది దానికే గుచ్చి ఉండగా. ఆ సూది తుప్పుమరక బట్టకు పట్టితే ఇక వదలదు.

మొదట వినిపించే సలహా బట్టను గురించి. ‘చక్కని కొత్తబట్ట కొని మొదలుపెట్టండి’ అనేది దుకాణదారు మాట. అతని వృత్తి అది, తప్పు పట్టనక్కరలేదు. కాని కొత్త నూలుబట్టలో గంజి ఉంటుంది, ఉతికితే కుదించుకొనిపోయే గుణం ఉంటుంది, ముదురురంగు అయితే పక్క గుడ్డకు అంటుకొనే ప్రమాదమూ ఉంటుంది. కనుక కొత్తబట్టతో కుట్టేవారికి ‘ముందు తడిపి ఆరవేయండి’ అని చెప్పడం న్యాయమే. వందసార్లు చాకిరేవుకు పోయివచ్చిన నేతచీరకు ఈ బాధలేవీ లేవు. కుదించుకోవలసినంత కుదించుకొన్నది, రంగు పోవలసినంత పోయినది, సూదికి వెన్నవలె దారి ఇస్తుంది. అయితే ‘పాతదేదైనా పనికివస్తుంది’ అనడం కూడా పొరపాటే. చీరను వెలుతురుకు ఎత్తి చూడాలి. పడుగూ పేకా పలచబడి, వెలుగు జల్లెడలో నుంచి వచ్చినట్లు వస్తున్నదంటే ఆ భాగం కోసివేయవలసిందే. అటువంటి గుడ్డకు గట్టి కొత్తగుడ్డను జతచేస్తే, గట్టిది నిలుస్తుంది. పాతది కుట్టు వెంబడి చిరుగుతుంది. పట్టునూ నూలునూ నైలానునూ ఒకేచోట కలపడం కూడా ఇటువంటిదే. ఉతికినప్పుడు దేని నడక దానిది.

తరువాత కుట్ల లెక్క. అమెరికాలో క్విల్ట్ అని పిలిచే బొంతను కుట్టేవారిలో, అంగుళానికి పది కుట్లు వేయగలగడం నేర్పుకు గురుతుగా చిరకాలంగా చెలామణి అవుతున్నది. అక్కడ రెండు పలుచని బట్టల నడుమ దూదిపొర ఒకటే ఉంటుంది కనుక ఆరితేరిన చేతికి అది సాధ్యం. ఈ లెక్కను తెచ్చి, అయిదు పొరల బొంత ముందు కూర్చున్న కొత్తవారికి చెప్పడం కన్న క్రూరమైన సలహా లేదు. ఆమె చిన్న కుట్టు కోసం సూదిని ఏటవాలుగా తోస్తుంది. పై రెండు పొరలే పట్టుబడి, అడుగుపొర తప్పిపోతుంది. పైకి ముత్యాలవలె కనిపించే ఆ వరుస, తిరగవేసి చూస్తే శూన్యం. మంచి గురువు ముందుగా సమానతను అడుగుతాడు: కుట్టు పెద్దదైనా సరే, పక్కదాని అంతే ఉండనీ, అడుగు వరకు దిగనీ. చిన్నదనం దానంతట అదే వస్తుంది. దారం కూడా ఇంతే. మాటిమాటికీ సూదికి ఎక్కించే శ్రమ ఎందుకని బారెడు దారం తీసుకొనేవారికి, అది చిక్కుపడి, బట్టలో దూరిదూరి నూగు లేచి, చివరకు తెగిపోతుంది. మూరెడు చాలు.

‘నడుమ నుంచి అంచులకు కుట్టాలి’ అనే సూత్రం మరీ ముచ్చటైనది. క్విల్ట్ పుస్తకాలలో వేదవాక్యం వంటిది. కారణమూ బలమైనదే. పైబట్ట ముందే తయారై ఉంటుంది. దానిని దూది మీద, అడుగుబట్ట మీద పరచినప్పుడు ఎక్కడో కొంత వదులు మిగులుతుంది. నడుమ మొదలుపెడితే ఆ వదులు అంచుకు జరిగి బయటపడిపోతుంది. అంచున మొదలుపెడితే నడుమకు చేరి ముడతగా బిగుసుకొంటుంది. ఈ సూత్రాన్ని నమ్మినవారు ఉత్తర కన్నడ జిల్లాకు వెళ్ళి సిద్దీ స్త్రీలు కుట్టే ‘కవంద్’ను చూస్తే తెల్లబోతారు. ఏనాడో ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి అయిన ఆ స్త్రీలు పాతచీర పరచి, ఒక మూల నుంచి ఆరంభించి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, నడుమకు వచ్చి ముగిస్తారు. ముడత పడదా? పడదు. వారి పైబట్ట ముందే తయారై ఉండదు గదా! ఒక్కొక్క గుడ్డముక్కనూ అప్పటికప్పుడు అడుగుచీర మీద అమర్చి, అప్పటికప్పుడే కుట్టివేస్తారు. జరగవలసిన వదులే అక్కడ లేదు. చివరకు మూలలలో ‘పూల’ అని పిలిచే చిన్న ముక్కోణపు మడతలను అలంకారంగా పెడతారు. కారణం విడిచి సూత్రాన్ని మాత్రమే మోసుకొనిపోయినవారు ఈ రెండింటిలో ఒకదానిని తప్పని అనక తప్పదు.

ఖచ్చితమైన కొలతను గురించి కూడా ఇటువంటి పేచీయే. ముక్కలను కలిపే కుట్టుకు పావు అంగుళం అంచు వదలాలన్నది నియమం. ఇందులో చాదస్తం లేదు, గణితం ఉన్నది. పది ముక్కల వరుసలో తొమ్మిది అతుకులు. ప్రతి ముక్క అంచునా అంగుళంలో పదహారవ వంతు పొరపడితే, అతుకుకు రెండంచులు కనుక, వరుస చివర అంగుళం పైచిలుకు తేడా వస్తుంది. గళ్ళు గళ్ళకు కలిసే నమూనాలో ఇది క్షమించరానిది. కాని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లెలోని నల్లజాతి స్త్రీలు పొలంపనికి వాడి చినిగిన దుస్తులను పొడుగు పట్టీలుగా చించి, కంటికి తోచినట్లు కలిపి కుట్టారు. 1966లో ఆ ప్రాంతంలో స్త్రీల సహకార సంఘం ఏర్పడి, పెద్ద అంగళ్ళకు సరుకు కుట్టవలసి వచ్చినప్పుడు, అదే చేతులు కొలబద్దకు లొంగి ఒకే తీరున కుట్టాయి. 2002లో హ్యూస్టన్ చిత్రశాలలోను, ఆపై న్యూయార్కులోను జనం నిలబడి చూచినవి మాత్రం కొలబద్ద లేని బొంతలు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటిని బిళ్ళలపై ముద్రించింది.

అయితే ఐమూలగా కోసిన గుడ్డ విషయంలో స్వేచ్ఛ పనికిరాదు. అది సాగుతుంది. దాని మీద ఇస్త్రీపెట్టెను ఈడ్చరాదు. ఎత్తి ఎత్తి అద్దాలి.

ఓదార్పు సలహా ఒకటి మిగిలి ఉన్నది. ‘పరిపూర్ణత భగవంతునిదే, అందుకే అమెరికాలో అమిష్ మతస్థులు ప్రతి బొంతలోను కావాలని ఒక తప్పు కుడతారు’ అంటారు. వినడానికి ఎంతో ఇంపుగా ఉన్నది. బొంతల చరిత్ర పరిశోధించినవారు దీనిని కట్టుకథగా తేల్చారు. నిజానికి తప్పును కావాలని తెచ్చుకొనే అవసరం ఏ కుట్టరికీ ఉండదు, అడగకుండానే వస్తుంది. దానికి వ్యతిరేకమైన ‘తప్పు కనిపిస్తే విప్పి మళ్ళీ కుట్టు’ అనే మాట ఇంకా చెడ్డది. విప్పిన ప్రతిసారీ పాతబట్ట బలం తగ్గుతుంది, అంచులు పీచులు లేస్తాయి. అడుగుపొరలో మడత ఇరుక్కొంటే విప్పవలసిందే. వరుస కాస్త వంకర పోయినంత మాత్రాన సూది వెనక్కు తిప్పనక్కరలేదు.

అందరూ ఏకమై చెప్పేదీ, వినదగినదీ ఒక్కటే: చిన్నది కుట్టు. మంచమంత బొంత మొదటి ప్రయత్నానికి తగదు. మన ఇళ్ళలో పసిబిడ్డ కోసం మెత్తని చీరపేలికలతో కుట్టే పొత్తిలిబొంత మూరన్నర చదరం ఉంటే చాలు. బీహారులో సుజనీ అనేదీ పుట్టిన బిడ్డను చుట్టడానికి ఇలాగే పాతబట్టలతో వచ్చినది. పదిరోజుల పని. ముడులు పైకి రాకుండా పొరల మధ్యకు లాగి దాచాలి. బిడ్డ ఒంటికి గీసుకొనేది ఏదీ ఉండరాదు. వాడిన నాడే తడుస్తుంది, తడిసిన నాడే ఉతుకుతారు. తీగ మీద ఆరవేసినప్పుడు ఎండకు ఎదురుగా నిలబడి చూస్తే, ఏ వరుసలో దారం బిగిసినదో, ఏ మూల అడుగుపొర తప్పినదో కనబడుతుంది. అప్పటికి రెండవ బొంతకు గుడ్డలు ఏరుకోవచ్చు.