జాబుల కట్ట

పెద్ద సంగతులను చరిత్రకారులు వ్రాసియుంచుదురు. చిన్న సంగతులు ఇంటి స్త్రీల నోటనే నిలిచి, తరచుగా వారితోడనే పోవును. ఈ మాట మాకు మొన్నటి సంక్రాంతికి ప్రత్యక్షముగా తెలిసివచ్చినది.

మా అత్తగారి అక్కగారిని తిరుత్తణి కిచ్చిరి. ఆమె గతించి యేండ్లయినది. ఆమె మనుమరాలు పండుగకు చిత్తూరు వచ్చుచు, ట్రంకుపెట్టెలో దొరకిన జాబుల కట్టను తెచ్చి, "చిన్నవ్వా, ఇవి నాకు చదవను రాదు, ఏముందో చెప్పవా?" అని యడిగెను. ఆ బాలిక అరవబడిలో చదివినది. తెలుగు మాటాడును గాని అక్షరము లెరుగదు. అత్తగారికి చూపు మందగించినది. కావున చదువుపని మాకు వచ్చినది. జాబులన్నియు అత్తగారి తల్లి పెద్దకూతురికి వ్రాసినవే.

మొదటిది 1960 ఏప్రిలు నాటిది. "నీవు పరరాష్ట్రపు కోడలివైతివట గదా" అని తల్లి పరిహాసమాడినది. పటాస్కరుగారి మధ్యవర్తిత్వము ననుసరించి, ఆ నెల 1వ తేదీని తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు పోయినది. సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1962 మే నెలలో రాష్ట్రపతి యగునప్పటికి ఆ యూరు మన జిల్లాను వీడి రెండేండ్లయినది. ఆయన పుట్టినదినమును ఉపాధ్యాయ దినముగా జరుపుట ఆ యేడే మొదలైనది. బడిలో పిల్లలు "ఆయన ఏ రాష్ట్రమువారు?" అని మావారి నడుగుదురట. పుట్టినప్పుడు ఆ యూరు ఉత్తరార్కాడు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడగా దానిలో చేరినది. 1960లో మద్రాసు రాష్ట్రమునకు పోయినది. ఊరు కదలలేదు, ఎల్లలే కదలినవి.

రెండవ జాబునిండ "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము" చిత్రముమాటయే. 1960 జనవరిలో వచ్చిన యీ చిత్రమును తీసినది పి. పుల్లయ్యగారు. స్వామి పాత్ర నందమూరి తారకరామారావుగారిది. పుల్లయ్యగారే యీ కథను 1939లో నొకమారు తీసియుండిరి. ఆయన సతి శాంతకుమారిగారు ముందు చిత్రమున పద్మావతి, తరువాతి చిత్రమున వకుళమాత! ఇరువదియొక యేండ్లలో భార్య తల్లియైనది. ఇది విని బాలిక విరగబడి నవ్వినది.

1962 నాటి జాబులో కొత్త తూనికలపై ఫిర్యాదు. "కిలో యనునది వీశెలో ముప్పాతిక కూడ లేదు, ఇంటికి తెచ్చినది చాలుటలేదు" అని. వీశె రమారమి 1,400 గ్రాములు; ఆమె లెక్క సరియైనదే. అణాలు పోయి పైసలు వచ్చినప్పుడును ఇట్లే గొడవ. అణాకు ఆరు పైసలని చెల్లించిన, పదునారణాలకు తొంబదియారే యగును. రూపాయికి నూరు గదా! మిగిలిన నాలుగు పైసల కొరకు ఎన్ని వీధులలో ఎన్ని వాదములు జరిగినవో!

పిమ్మటి జాబు 1963 నాటిది. చైనా యుద్ధానంతరము, ఆ యేడు జనవరిలో బంగారముపై నిబంధనలు వచ్చినవి. పదునాలుగు కారట్లకు మించిన మేలిమితో క్రొత్త నగలు చేయరాదు. "మన వీధి ఆచారి కొలిమి చల్లార్చి కూలికి పోవుచున్నాడు. రేపు చిన్నదాని పెండ్లి కెట్లో! నా గాజులు కరగింపక అట్లే దాచితిని" అని యందున్నది.

అత్తగారు చేతిగాజులను చూచుకొని చాలసేపు మాటాడలేదు. "కొత్తవి చేయింపలేదని పెండ్లినాడు అమ్మమీద అలిగితిని. ఇన్నాళ్ళకు తెలిసింది" అనిరి. ఆ చట్టము 1990లో రద్దయినది. అలుక కారణము మాత్రము మొన్నటిదాక అక్షరములలోనే దాగియుండెను.

కడపటిది 1974 జనవరి జాబు: "మన నాగయ్యగారు పోయిరి." 1973 డిసెంబరు 30న చనిపోయిన చిత్తూరు నాగయ్యగారు మన యూర పుట్టినవారు కారు, గుంటూరు సీమవారు. ఇచ్చటి రామవిలాస సభ నాటకములలో పేరు గడించుటచే ఊరిపేరు ఇంటిపేరైనది. 1965లో పద్మశ్రీ బిరుదు నందిరి.

సోదరీమణులారా, మీ పెట్టెలలోను ఇట్టి కట్టలుండవచ్చును. చదువగల పెద్దలుండగనే విప్పింపుడు. వ్రాసిన దెవరో, ఏ సంవత్సరమో వెనుక గుర్తువేయుడు. పిల్లలకు వినిపింపుడు. మా బాలిక పోవునప్పుడు జాబులతోపాటు ఒక పలక కూడ కొనుకొని పోయినది. దానిమీద "అ ఆ"లు మేమే వ్రాసియిచ్చితిమి.